కాలువలు కట్టేసినప్పుడల్లా విచ్చుకుంటున్న హాలు గచ్చు: ఈ పగులు పూడ్చేదెలా?

కాలువగట్టు · 12 మే

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇల్లు 2019లో కట్టుకున్నాం. అంతకుముందు అది వరి చేను. ఇంటికి తూర్పున నలభై అడుగుల దూరంలో పంట కాలువ. హాలు 24 అడుగుల పొడవు, 14 వెడల్పు. కింద నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు, పైన సిమెంటు గచ్చు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి టైల్స్ వాయిదా వేశాం.

రెండో ఏడాది వేసవిలో వీధి గుమ్మం దగ్గర వెంట్రుకలా ఒక గీత కనిపించింది. ఇప్పుడది వంటగది గోడ దాకా 11 అడుగులు పాకింది. రూపాయి బిళ్లలు రెండు జతచేసి నిలువుగా పెడితే పగుల్లోకి దిగుతున్నాయి. వంటగది వైపు ఒక అంచు కాస్త కుంగింది కూడా. మా అమ్మకు 78 ఏళ్లు, వాకర్ పట్టుకుని నడుస్తుంది. వాకర్ కాలి రబ్బరు బుడిపె సరిగ్గా ఆ అంచుకే తగులుతోంది. మొన్న తూలింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది.

పోయిన జూలైలో ఒక మేస్త్రితో సిమెంటు పాలు పోయించి, పైన తెల్ల సిమెంటు రుద్దించాను. వినాయక చవితికి గచ్చు అద్దంలా ఉంది. సంక్రాంతి దాటాక మళ్లీ గీత. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక, అంటే పంట కాలువలకు నీళ్లు ఆపేశాక, ఆ పూతంతా రేకులు రేకులుగా లేచిపోయింది. మొత్తం పగలగొట్టి మళ్లీ పోయమని ఒకరు, పైన టైల్స్ వేసేస్తే ఇంక కనపడదని ఇంకొకరు చెబుతున్నారు. ఏది చెయ్యమంటారు?

తాపీపని · 12 మే

తెల్ల సిమెంటు వద్దండి. అది పగులు పూడ్చే సరుకు కాదు. ఒట్టి సిమెంటు పాలు కూడా అంతే, ఇసుక లేకపోతే ఆరేటప్పుడు ముడుచుకుని అంచు వదిలేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను, నిలబడింది ఒక్కటీ చూడలేదు.

పద్ధతి ఏంటంటే, పగులు వెంబడి ఉలితో అంగుళం లోతు గాడి కొట్టుకోవాలి. మట్టి, దుమ్ము బొత్తిగా లేకుండా బ్రష్‌తో లాగి, నీళ్లతో కడిగి, రాత్రంతా తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. పొద్దున చూసేసరికి కాంక్రీటు తడి పీల్చుకుని ఉండాలి గానీ పైన నీళ్లు నిలిచి ఉండకూడదు. అప్పుడు సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలు కూరాలి. తాపీతో అదిమి అదిమి కూరాలి, పైపైన పామితే కాదు. తర్వాత ఏడు రోజులు తడి గోనెలు.

ముమ్మిడివరం సివిల్ · 12 మే

మేస్త్రిగారు చెప్పిన పద్ధతి మంచిదే. కానీ కాలువగట్టు గారు రాసిన ఒక మాట దగ్గర ఆగాలి. వానాకాలంలో బాగుండి, కాలువలు కట్టేశాక విచ్చుకుందన్నారు. అంటే ఈ పగులు కదులుతోంది. కదిలే పగుల్లో గట్టి మాలు ఎంత బాగా కూరినా, అది మళ్లీ అక్కడే వదిలేస్తుంది, లేదా దాని పక్కనే కొత్త పగులు వస్తుంది.

మన డెల్టా నల్లమట్టి సంగతి తెలిసిందే కదా. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక చేలల్లో నెర్రెలు చూడండి, కర్ర పెడితే మోచెయ్యి దాకా దిగుతుంది. అదే మట్టి మీ ఇంటి కింద కూడా ఉంది. ఇంటి నడిమధ్యన ఉన్న మట్టికి ఎండ తగలదు కాబట్టి తేమ పెద్దగా మారదు. గోడల వారనున్న మట్టి మాత్రం వేసవిలో ఎండి కిందికి దిగుతుంది, కాలువలు వదిలి వానలు పడ్డాక మళ్లీ ఉబ్బుతుంది. మధ్య నిలబడి అంచు దిగితే, మధ్యలో ఎక్కడా జాయింటు లేని 24 అడుగుల గచ్చు ఎక్కడో ఒకచోట విరగక తప్పదు. నాలుగంగుళాల మందానికి ఎనిమిది నుంచి పన్నెండు అడుగులకొక జాయింటు ఉండాలి. పోసిన రోజో మర్నాడో అంగుళం లోతున గాడి కోసి ఉంటే, పగులు ఆ గాడిలోనే దాక్కునేది.

పూడ్చే ముందు మూడు పనులు చెయ్యండి.

ఒకటి, పగులుకు అటొకటి ఇటొకటి సన్నటి పెన్సిల్ గీతలు గీసి, వాటి మధ్య సరిగ్గా 100 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. పక్కనే తేదీ రాయండి. పదిహేను ఇరవై రోజులకోసారి స్టీలు స్కేలుతో కొలవండి. గుమ్మం దగ్గరొకటి, మధ్యలో ఒకటి పెడితే చాలు.

రెండు, కుంగిన వైపు రోకలితో తట్టి చూడండి. గట్టి నేల చప్పుడు వేరు, డొల్ల చప్పుడు వేరు.

మూడు, బయట ఆ గోడ వారన ఏముందో చూసి రాయండి. స్నానాల నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, చెట్లేమున్నాయి.

దాళ్వారైతు · 12 మే

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ పగుళ్ల బాధే. అత్తిలి వైపు మాది. ధాన్యం ఆరబెట్టుకోవడానికి 60 బై 40 సిమెంటు కళ్లం పోయించాం. రెండేళ్లకే అడ్డంగా మూడు పగుళ్లు. గింజలు వాటిలోకి దిగిపోతాయి, చీపురుకు రావు, వానకు అక్కడే మొలకెత్తుతాయి. తారు పోస్తే ఎండకు మెత్తబడి ధాన్యానికి అంటుకుంది, ఆ బస్తాలు మిల్లులో తీసుకోలేదు. ఇదీ నల్లమట్టి వల్లేనా?

ముమ్మిడివరం సివిల్ · 13 మే

మీది వేరే కథ కావచ్చండి. ఒక్క పరీక్ష చెయ్యండి. చలికాలం తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి అదే పగులు చూడండి. పొద్దున వెడల్పయి మధ్యాహ్నానికి సన్నబడితే అది ఎండ, చలి వల్ల వచ్చే కదలిక. పది మీటర్ల కాంక్రీటు పలక 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. మీ కళ్లం 60 అడుగులు, అంటే 18 మీటర్ల పైచిలుకు. జాయింట్లు పెట్టకపోతే అదే తనకు కావలసిన చోట విరుచుకుంటుంది. మూడు పగుళ్లంటే సుమారు పదిహేను అడుగులకొకటి, అంటే మనం పెట్టని జాయింట్లు అదే పెట్టుకుందన్నమాట.

వాటిని గట్టిగా మూసెయ్యకండి. కటింగ్ మిషన్‌తో అంచులు తిన్నగా కోయించి పాలీయురేథేన్ సీలెంట్ నింపండి. అది ఆరాక రబ్బరులా సాగుతుంది, ఎండకు తారులా కారదు. డబ్బా మీద చెప్పినన్ని రోజులు పూర్తిగా ఆరనిచ్చాకే ధాన్యం పొయ్యండి. కళ్లం అంచున ట్రాక్టర్ ఎక్కే చోట మూలలు విరిగి ఉంటే మాత్రం అది బరువు వల్ల. అక్కడ కింద గ్రావెల్ గట్టిపరిచి, ఆ ముక్క ఆరంగుళాలు మందంగా మళ్లీ పోసుకోవాలి.

కాలువగట్టు · 14 మే

రోకలితో తట్టానండి. గుమ్మం నుంచి ఏడడుగుల దాకా గట్టి చప్పుడే. ఆ తర్వాత వంటగది గోడ వైపు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున ఖాళీ కుండ మీద కొట్టినట్టుంది. మా అమ్మ మంచం మీంచే విని, "అక్కడ కింద ఏం లేదురా" అంది.

బయటికెళ్లి చూశాను. ఆ గోడకు ఆనించి కొబ్బరి డొక్కలు పోగేసి ఉంచుతాం. అవి తీస్తే కింద జానెడు కన్నాలు రెండు, వాటి ముందు పిండిలా తోడి పోసిన మట్టి. పందికొక్కులు. ఆ పక్కనే స్నానాల గది తూము, నీళ్లు అరటి చెట్లకు పోతాయి. అంటే ఆ గోడ వార ఎప్పుడూ తడే, గుమ్మం వైపు ఎప్పుడూ ఎండే. కొబ్బరి చెట్టు కూడా ఉంది, గోడకు పదడుగుల్లో. దాని వేళ్లు గచ్చు లేపుతున్నాయేమో, కొట్టించెయ్యమంటున్నారు మా బావగారు.

రాజోలు పెంకుటిల్లు · 14 మే

కొబ్బరి చెట్టు జోలికి పోకండి దయచేసి! దాని వేళ్లు చిటికెన వేలంత ఉంటాయి, అంతకు మించి లావెక్కవు. రావి, మర్రి వేళ్లలా ఏటేటా లావై గచ్చును లేపే రకం కాదు. పదడుగుల దూరంలో ఉన్నదాన్ని పగులు మీద అనుమానంతో కొట్టేస్తే చాలా బాధేస్తుంది.

తాపీపని · 14 మే

ఆయ్, అదీ సంగతి! పందికొక్కు అని ముందే తట్టాల్సింది నాకు. ధాన్యం బస్తాలున్న ఇంట్లో, చేను పక్కనున్న ఇంట్లో సగం కుంగుళ్లు దాని వల్లే. అది బేస్‌మెంటులో పోసిన మెత్తటి మట్టినంతా తోడి బయట పోస్తుంది. పైన గచ్చు వంతెనలా నిలబడి ఉంటుంది. ఒక రోజు బీరువా బరువుకో మంచం కోడుకో కూలుతుంది. ఆ డొల్ల మీద బరువులేమీ పెట్టకండి. అమ్మగారిని అటు నడవనివ్వకండి, ముందు ఆ పని చూడండి.

ఆ ముక్క మాత్రం పగలగొట్టక తప్పదు. మొత్తం హాలు అక్కర్లేదు.

ముమ్మిడివరం సివిల్ · 14 మే

మేస్త్రిగారి మాటే నాదీను. ఇప్పుడు మీ పగులు ఒకటి కాదు, రెండు. వంటగది వైపు నాలుగడుగులు కింద ఆధారం లేక కుంగినది. గుమ్మం వైపు ఏడడుగులు మట్టి కదలికతో తెరుచుకుని మూసుకునేది. మందు రెంటికీ ఒకటి కాదు. కుంగిన ముక్క ఇప్పుడే, కాలువలు వదలక ముందే బాగుచేసుకోండి. రెండోదానికి తొందర లేదు, కొలతలు చూద్దాం.

ఆకివీడు చెరువు · 15 మే

నా అనుభవం ఒకటి చెబుతాను, కొత్తగా కాంక్రీటు కలిపేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మా చుట్టూ అన్నీ రొయ్యల చెరువులే. షెడ్డు గచ్చు పోసినప్పుడు బోరు నీళ్లతోనే కలిపించాను, వాటితోనే తడిపించాను. బోరు నీళ్లు నాలిక మీద వేసుకుంటే ఉప్పు తెలుస్తుంది. ఏడాది తిరక్కుండా గచ్చు మీద పిండి చల్లినట్టు తెల్లగా పూసింది. తుడిస్తే పోతుంది, వారంలో మళ్లీ వస్తుంది. తర్వాత పైపొర పొట్టులా లేవడం మొదలైంది. గుమ్మం పక్కన దిమ్మెలో ఊచలు వేశాం, అది తుప్పు ఉబ్బి రెండుగా చీలింది. ఆ షెడ్డు కోసం ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు. నీళ్ల దగ్గర చేసిన పొరపాటు ఇంక దిద్దుకోలేకపోయాను.

ముమ్మిడివరం సివిల్ · 15 మే

ఇది ప్రతి ఒక్కరూ చదవాలి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 2000 మిల్లీగ్రాములు మించకూడదు, అదీ ఇనుము లేని కాంక్రీటుకు. ఊచలుంటే 500. తీరం వైపు చాలా బోర్లు ఆ హద్దు దాటే ఉంటాయి. మంచి కాలువ నీళ్లో, మంచినీళ్ల చెరువు నీళ్లో తేర్చి వాడుకోవడం మేలు. బోరు నీళ్లే దిక్కయితే పరీక్ష చేయించాకే వాడండి. తడపడానికైనా సరే ఉప్పునీళ్లు వద్దు.

ఫ్లోరింగ్ పని, కాకినాడ · 16 మే

నేను గోడౌన్లలో ఎపాక్సీ పని చేస్తాను, అంటే రెండు డబ్బాల సరుకు కలిపితే గట్టిపడే జిగురు. ఎవరైనా మీకు ఎపాక్సీ పోస్తే శాశ్వతం అని చెబితే వెంటనే ఒప్పుకోకండి. నేనే అమ్ముకునే పని కాబట్టి చెబుతున్నాను. కదలని పగులుకు ఎపాక్సీ చాలా మంచిది, పల్చటి రకమైతే వెంట్రుకంత సందులోకి కూడా దానంతటదే దిగి రెండు వైపులా ఒకటిగా కట్టేస్తుంది. కాంక్రీటు కంటే గట్టి. కదిలే పగులుకు ఆ గట్టిదనమే చేటు. కట్టిన చోట ఊడదు, అరడుగు పక్కన కొత్తది విరుస్తుంది.

తేమ సంగతి కూడా చూసుకోవాలి. మన వైపు నేలలో నీరు పైనే ఉంటుంది, కాంక్రీటు కింది నుంచి తాగుతూనే ఉంటుంది. రాత్రి ఒకటిన్నర అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ షీటు గచ్చు మీద పరిచి నాలుగంచులా టేపు గట్టిగా అంటించండి. పదహారు గంటలు తక్కువ కాకుండా ఉంచి తీస్తే, లోపలి వైపు చెమ్మ పట్టినా, గచ్చు నల్లబడినా మామూలు ఎపాక్సీ వద్దు.

కదలదని తేలి, పొడిగా ఉండి ఎపాక్సీనే వాడేవాళ్లకు ఇంకో మాట. రెండు డబ్బాల పాళ్లు కంటి అంచనాతో కలపకండి, తూచి కలపండి. మన మే ఎండలో డబ్బాలో అలాగే ఉంచితే ఉడికిపోయినట్టు గట్టిపడుతుంది, కొద్దికొద్దిగా వెడల్పు పళ్లెంలో కలుపుకోండి. చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి, ఒకసారి చర్మానికి పడకపోతే జీవితాంతం పడదు. మా దగ్గర ఒక కుర్రాడు ఆ పని మానెయ్యాల్సి వచ్చింది.

రాజోలు పెంకుటిల్లు · 18 మే

నా ప్రశ్న కూడా ఇక్కడే అడగనా? మా నాయనమ్మ ఇంట్లో ఎర్ర గచ్చు ఉంది. చిన్నప్పుడు వేసవిలో దాని మీద పడుకుంటే వీపుకు చల్లగా తగిలేది, ఆ చల్లదనం ఏ టైల్స్‌కీ రాదు. ఇప్పుడు దాని మీద సాలెగూడు అల్లినట్టు సన్న పగుళ్లు, గోరు పెట్టినా దిగవు. మా వాళ్లు దాని మీద టైల్స్ వేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

తాపీపని · 18 మే

గోరు దిగని పగులుకు ఏ మందూ అక్కర్లేదమ్మా. అది పైపొరదే. పోసేటప్పుడు పైన పొడి సిమెంటు చల్లి ఎక్కువ నునుపు పట్టినా, నీళ్లు సరిగా పట్టకపోయినా అలా వస్తుంది. గచ్చు లోపల గట్టిగానే ఉంటుంది. శుభ్రంగా కడిగి ఆరాక కొబ్బరి నూనె గుడ్డతో పల్చగా రుద్దండి, రంగు లోతుగా కనిపిస్తుంది. జారకుండా పొడిగుడ్డతో తుడిచెయ్యండి. ఎక్కడైనా పెచ్చు ఊడిన చోట వేరే పలక మీద రంగు కలిపి ఆరబెట్టి చూసుకున్నాకే అతుకు వెయ్యండి, తడిమీద ఒక రంగు, ఆరాక ఒక రంగు. రంగు పొడి సిమెంటు బరువులో పదో వంతు దాటకూడదు. అయినా పాతదాంట్లో పూర్తిగా కలవదు, అది ముందే అనుకోండి. అలాంటి గచ్చు పట్టే చేతులు ఇప్పుడు మా వాళ్లలో చాలా తక్కువ. ఉంచుకోండమ్మా.

కాలువగట్టు · 2 జూన్

పని అయిందండి. వివరంగా రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

డొల్లగా ఉన్న ముక్క చుట్టూ మిషన్‌తో గీత కోయించి అంత మేర పగలగొట్టించాను. మొదటి పెచ్చు తీసేసరికి కింద చెయ్యి పెట్టేంత ఖాళీ. టార్చి వేస్తే సొరంగం గోడ కిందుగా అవతలికి కనిపించింది, లోపల వరి గడ్డితో గూడు, ఎన్నో ఏళ్ల ఊక. అమ్మను అయిదేళ్లు దీని మీద నడిపించానా అని వణుకు పుట్టింది.

లోపల ఏమీ లేవని చూసుకున్నాక, కన్నాలు లోపలి నుంచీ బయటి నుంచీ గాజు పెంకులు కలిపిన కాంక్రీటుతో బిగించాం. వదులు మట్టంతా తీసేసి బుసక (సన్న ఇసుక) పోశాం. మేస్త్రి ఒకేసారి నింపబోతే వద్దన్నాను. ఆరంగుళాల పొర, నీళ్లు, దిమ్మిస. మళ్లీ ఆరంగుళాలు. నాలుగు పొరలు పట్టింది. దిమ్మిస పైకి ఎగిరి వచ్చేంత గట్టిపడ్డాకే తర్వాతి పొర. దాని మీద మందపాటి పాలిథిన్ షీటు, ఆపైన నాలుగంగుళాల కాంక్రీటు, సిమెంటు ఒకటికి ఇసుక రెండు, కంకర నాలుగు. కాలువ నీళ్లు లేవు కాబట్టి ఊరి మంచినీళ్ల ట్యాంకు నుంచి తెప్పించాను. పాత గచ్చుకూ కొత్తదానికీ మధ్య థర్మాకోల్ పట్టీ పెట్టి సందు ఉంచాం.

ఇవాళ్టికి ఆరో రోజు. చుట్టూ మట్టితో చిన్న మడి కట్టి నీళ్లు నిలబెట్టాను. ఏడు రోజులు చాలా?

ముమ్మిడివరం సివిల్ · 2 జూన్

మీ సిమెంటు బస్తా మీద పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అని ఉందా? ఉంటే పద్నాలుగు రోజులు ఉంచండి. ఏడు రోజుల లెక్క పాతకాలపు ఓపీసీది, అంటే బూడిద కలపని మామూలు సిమెంటుది. ఇప్పుడు దొరికే బూడిద, స్లాగ్ కలిపిన సిమెంట్లకూ, మన ఎండలకూ పది రోజులు కనీసం. బుసకతో నింపి మంచి పని చేశారు, అది నల్లమట్టిలా ఉబ్బదు. ఆ స్నానాల తూము ఏం చేశారు?

కాలువగట్టు · 3 జూన్

పీపీసీనే. పద్నాలుగు ఉంచుతాను. తూముకు పైపు తగిలించి నీళ్లు పదిహేను అడుగుల అవతల అరటి పాదుల్లోకి పంపాను. కొబ్బరి డొక్కలు గోడ వార నుంచి తీసేశాను. ఇంటి చుట్టూ మూడడుగుల చప్టా, వాలు బయటికి ఉండేలా, సార్వా (ఖరీఫ్) పంట డబ్బులు వచ్చాక వేయిస్తాను. గుమ్మం వైపు కొలత ఇంకా 100 దగ్గరే ఉంది.

తాపీపని · 3 జూన్

మడి కట్టి తడపడం చూసి సంతోషం వేసింది బాబూ. మేం పోసి వెళ్లిపోయాక పూటకో చెంబు చల్లి ఊరుకునేవాళ్లే ఎక్కువ, పగిలితే మాట మాకు.

కాలువగట్టు · 9 నవంబరు

చాలా రోజులైంది. గుమ్మం దగ్గరి గీతల కొలతలు ఇవిగో. మే 12న 100. జూన్ 28న 99.5, అప్పటికి కాలువలు వదిలారు. జూలై 30న 98.5. సెప్టెంబరులో 98, ఇప్పుడూ 98. పగులు వెంట్రుకంత సన్నబడింది, దూరం నుంచి చూస్తే లేనట్టే. పోయినేడు దీన్ని చూసే కదా బాగైపోయిందనుకున్నాను! వంటగది వైపు కొత్త ముక్క ఇసుమంత కూడా కదల్లేదు.

మావాళ్లు ఇప్పుడు టైల్స్ వేసేద్దామంటున్నారు.

ముమ్మిడివరం సివిల్ · 9 నవంబరు

రెండు మిల్లీమీటర్ల కదలిక. ఇప్పుడు టైల్స్ అంటించేస్తే మే నెలకల్లా సరిగ్గా ఆ గీత మీదే టైల్స్ చీలతాయి. వేసి తీరాలంటే పగులు పైన టైల్స్‌లో కూడా సందు వదిలి, సీలెంట్ నింపాలి. చప్టా వేసి ఒక వేసవి చూసి అప్పుడు ఆలోచించండి, తేమ నిలకడైతే కదలిక తగ్గవచ్చు.

సీలెంట్‌కు లెక్క చెబుతాను. మామూలు పాలీయురేథేన్ సీలెంట్ వెడల్పులో 25 శాతం దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది, ఆ సంఖ్య డబ్బా మీద ఉంటుంది. పగులు మీద 3 మిల్లీమీటర్ల సందులో నింపితే 2 మిల్లీమీటర్లు సాగలేక చిరుగుతుంది. అదే సందును 10 మిల్లీమీటర్ల గాడిగా వెడల్పు చేస్తే 2 అంటే 20 శాతమే, తట్టుకుంటుంది. లోతు వెడల్పులో సగం చాలు. ముఖ్యమైనది, గాడి అడుగున సన్న నురగ తాడు గానీ ప్లాస్టిక్ టేపు గానీ పరవండి. సీలెంట్ రెండు పక్కలకే అంటాలి, అడుగుకు అంటకూడదు. మూడు వైపులా పట్టుకుంటే సాగడానికి వీలు లేక నడుమ చీలుతుంది. మధ్యస్థంగా తెరుచుకున్నప్పుడు, జనవరి చివర పెట్టించండి. గాడి పూర్తిగా పొడిగా ఉండాలి.

తాపీపని · 10 నవంబరు

గాడి మిషన్‌తో తిన్నగా కోయండి. నేను మొదట్లో ఉలితో గాడి అన్నాను, అది గట్టి మాలు కూరడానికి. అందులోనూ అంచులు వాలుగా కొట్టకూడదు. పైన పల్చబడిన మాలు పెచ్చులా లేస్తుంది. పైన ఇరుకు, లోపల వెడల్పు ఉంటే మాలు బిగిసి కూర్చుంటుంది. ఇది కళ్లం ఆయనకు కూడా పనికొస్తుంది, మూలలు అతికేటప్పుడు.

దాళ్వారైతు · 12 నవంబరు

పరీక్ష చేశానండి. ఈ చలి మొదలయ్యాక చూశాను. తెల్లారి అయిదింటికి ఏటీఎం కార్డు దిగుతోంది, మధ్యాహ్నం రెండింటికి దిగట్లేదు. మీరు చెప్పినట్టే ఎండా చలీ. సార్వా ధాన్యం అయ్యాక గాడి కోయిస్తాను.

కాలువగట్టు · 27 జనవరి

ఇవాళ సీలెంట్ పెట్టాం. కొలత 98.5. గాడి కోసేటప్పుడు దుమ్ము ఇల్లంతా కమ్మేసింది, ఎవరైనా కోయించేటప్పుడు సన్నగా నీళ్లు కొడుతూ కోయించండి, ముక్కుకు గుడ్డ కట్టించండి. తర్వాత మూడు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. రెండంచులకూ కాగితం టేపు అంటించి, అడుగున తాడు వేసి, సీలెంట్ తుపాకీతో నింపి, సబ్బునీళ్లలో ముంచిన చెంచా వీపుతో ఒక్క లాగు లాగాను. టేపు వెంటనే పీకేస్తే గీత గీసినట్టు వచ్చింది. గుమ్మం దగ్గర ఒక అంచు మిల్లీమీటరు ఎత్తుండేది, కార్బొరండం రాయితో అరగదీశాను. రంగు బూడిదరంగే తీసుకున్నా గచ్చులో కలవలేదు, కనిపిస్తూనే ఉంటుంది. పర్వాలేదు.

ఫ్లోరింగ్ పని, కాకినాడ · 27 జనవరి

వారం దాకా దాని మీద వాకర్ నడవకుండా చూడండి. ఫినాయిలూ యాసిడూ పొయ్యొద్దు.

కాలువగట్టు · 4 మే

కాలువలు కట్టేసి మూడు వారాలు. ఇవాళ పొద్దున్నే వంగుని కొలిచాను: 99.5. పోయినేడు ఈ రోజుల్లో 100 ఉండేది. చప్టా డిసెంబరులో వేయించాం, అది పనిచేస్తోందేమో. సీలెంట్ నడుమ కాస్త పల్లంగా సాగింది, ఎక్కడా చిరగలేదు, అంచు వదల్లేదు. వేలితో నొక్కితే వెనక్కి వస్తోంది.

అమ్మ వాకర్ దాని మీంచి దాటించుకుని వంటగది దాకా వెళ్లి, మజ్జిగ గ్లాసు తనే తెచ్చుకుంది. నేను స్కేలు పట్టుకుని నేల మీదే కూర్చుని ఉన్నాను. "ఇంకా కొలుస్తున్నావేంట్రా" అంది. మే చివరిదాకా కొలుస్తానండి, ఆ అంకె కూడా ఇక్కడ పెడతాను.